చదవకూడని జవాబు

జూన్ 3, బుధవారం

మళ్ళీ డైరీ రాద్దామని కూర్చున్నాను. ఈ సర్వే పనిలో చేరిన కొత్తలో శిక్షణ ఇచ్చినావిడ ఒక మాట చెప్పింది: "మీ అభిప్రాయాలు మీ దగ్గరే పెట్టుకోండి. మరీ ఆగలేకపోతే ఇంటికెళ్ళి కాగితం మీద రాసుకోండి. ఫోన్లోకి మాత్రం తేకండి." అప్పట్లో ఆఫీసులో వరసగా కట్టిన చెక్క అరల్లో కూర్చుని ఫోన్లు చేసేవాళ్ళం. ఇప్పుడు ఆ ఆఫీసే మూతపడింది. పడగ్గదిలో బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి, ముందు స్టూలు వేసుకుని, వేలాడే బట్టల్లోకి తల దూర్చి మాట్లాడుతున్నాను. బట్టలుంటే గది మోగదు, అవతలివాళ్ళకు గొంతు బాగా వినబడుతుంది. ఇది మా సూపర్‌వైజర్ చెప్పిన ఉపాయం. ఆయన కూడా వాళ్ళింట్లో కోట్ల మధ్యే కూర్చుంటాడట.

కొత్త సర్వే మొదలైంది. దుకాణాలు తెరవాలా, బడులు తెరవాలా, కేసులు పెరిగితే మళ్ళీ మూయాలా, ఇంటి ఆదాయం తగ్గిందా. ఆ మనుషులనే కొన్ని వారాలకోసారి మళ్ళీ అడగాలి, మనసు మారిందేమో చూడటానికి. ప్రశ్నను ఉన్నదున్నట్టు చదవాలి. "అవునా" అనకూడదు, "అయ్యో" అసలే అనకూడదు. జవాబు విన్నాక "రాసుకున్నానండి" అనాలి, అంతే. పూర్తిగా ఒప్పుకుంటాను, కొంతవరకు ఒప్పుకుంటాను, అంటూ జవాబులు కూడా మేమే చదివి వినిపిస్తాం. అన్నిటికంటే కింద, తెర మీద, "చెప్పలేను" అని ఒకటి ఉంటుంది. దాన్ని మాత్రం చదవకూడదు. చదివితే అందరూ దాని కిందే దూరతారట. వాళ్ళంతట వాళ్ళు అంటేనే నొక్కాలి.

మా ఆయన హాల్లో కూర్చుని పాత కళ్ళజోళ్ళకు మరలు బిగిస్తున్నారు. కళ్ళద్దాల షాపు మూసినప్పుడు ఒక అట్టపెట్టె నిండా ఇంటికి తెచ్చుకున్నారు. అది అయిపోవచ్చింది. బిగించినవే మళ్ళీ విప్పి బిగిస్తున్నారేమోనని నా అనుమానం.

నా అభిప్రాయం ఇక్కడ రాసుకోవచ్చు. కానీ నాకేమీ లేదు. ఈ పెన్ను మరీ సన్నగా రాస్తోంది, మార్చాలి.

జూన్ 5, శుక్రవారం

పిల్లల బడులు తెరవాలా అని అడిగితే ఒకావిడ ప్రశ్న పూర్తి కాకుండానే, "పూర్తిగా. ఇవాళే. కావాలంటే ఇప్పుడే తీసుకొచ్చి దించుతాను" అంది. వెనకాల ఏదో పగిలిన చప్పుడు. నవ్వు ఆపుకోవడానికి ఆయన చలికోటు చెయ్యి కొరికాను.

ఇంటి ఆదాయం తగ్గిందా అంటే ఒక పెయింటరు, "ఉంటేగా తగ్గడానికి" అన్నాడు. దానికి గడి లేదు. ఇంకోసారి చదివాను. "మీ ఇష్టం వచ్చింది పెట్టుకోండి మేడం" అన్నాడు. అలా పెట్టకూడదు. మూడోసారి చదివాక "బాగా తగ్గింది" అన్నాడు. రాసుకున్నానండి అన్నాను.

వ్యాయామశాల నడిపే ఒకాయన ఉన్నాడు. కండల వీరుడని పేరు పెట్టుకున్నాను, గొంతులో కూడా కండలే. "అన్నీ తెరవాలి! ఎవడి ఆరోగ్యం వాడు చూసుకుంటాడు! భయపడేవాళ్ళు ఇంట్లో కూర్చోండి, మమ్మల్ని మాత్రం బతకనివ్వండి!" అని అరిచాడు. ఇయర్‌ఫోన్ తీసి దూరంగా పట్టుకున్నా వినబడింది.

ఆ తరవాత ఒక పెద్దావిడ. ఎక్కడో నాలుగో అంతస్తులో ఒక్కతే ఉంటుందట. అడిగిన ప్రతిదానికీ తీరిగ్గా ఆలోచించి, చివర్న "నువ్వేమంటావమ్మాయ్?" అని నన్ను అడుగుతుంది. "మాకు మీ అభిప్రాయమే ముఖ్యమండి" అని చెప్పాలి, చెప్పాను. "నా అభిప్రాయం నాకు తెలుసుగా, నీది చెప్పు" అంది. నన్ను అమ్మాయ్ అన్నవాళ్ళు కనబడక చాలా కాలమైంది. ఆ మాట కోసమైనా మళ్ళీ విడతలో ఆవిడకు ఫోన్ చెయ్యాలి.

జూన్ 9, మంగళవారం

దుకాణాలు తెరవొచ్చన్నారు. పొద్దున్నే మరిది బేకరీ వ్యాను మా గుమ్మం ముందు ఆపి, లోపలికి రాకుండా కిటికీలోంచే మొదలుపెట్టాడు.

"అన్నయ్యా, వీధిలో అందరూ తెరిచేశారు. నువ్వేంటి ఇంకా?"

ఆయన మర బిగిస్తూనే ఉన్నారు. మరిది నా వైపు తిరిగాడు. "వదినా, నువ్వు రోజూ ఊరందర్నీ అడుగుతున్నావు కదా. ఎక్కువమంది ఏమంటున్నారు?"

"అది బయటికి చెప్పకూడదు."

"మేము బయటివాళ్ళమా?"

"ఫోన్లో లేనివాళ్ళంతా బయటివాళ్ళే" అన్నాను. వాడు నవ్వి, రొట్టె ఒకటి కిటికీలో పెట్టి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం షాపు గది యజమాని ఫోన్ చేశాడు. మంచివాడే, కానీ ఆయనకీ ఇల్లు గడవాలి. ఇన్నాళ్ళు ఓపిక పట్టానని, ఈ నెలాఖరుకల్లా షాపు తెరిచి అద్దె మొదలుపెట్టమని, లేదంటే తాళం ఇచ్చెయ్యమని అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. బతిమాలుతున్నట్టు అన్నాడు.

ఆయన ఫోన్ పెట్టేసి వచ్చి పడగ్గది గుమ్మంలో నిలబడ్డారు. రెండు ఫోన్లకు మధ్య కాస్త ఖాళీలో ఉన్నాను.

"ఏమంటావు? తెరవనా?"

"మీకెలా అనిపిస్తోంది?" అన్నాను. ఆ మాట ఏ గొంతుతో వచ్చిందో నాకే వినబడింది. పని గొంతు. ఎటూ వంగని గొంతు.

ఆయన కాసేపు చూసి, "సరేలే" అని వెళ్ళిపోయారు.

అందులో తప్పేముంది? షాపు ఆయనది, మా పెళ్ళికి ముందు నుంచీ ఉన్నది. ఊపిరితిత్తులూ ఆయనవే. పోయిన చలికాలం న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో పడుకున్నప్పుడు డాక్టరు ఆయనతోనే చెప్పాడు, ఎడమవైపు కింది భాగం ఇక పని చెయ్యదని, జలుబు కూడా దగ్గరికి రానివ్వొద్దని. కంటి పరీక్ష ఎలా చెయ్యాలో కూడా ఆయనకే తెలుసు. ఎదుటి మనిషి ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గరగా వంగి, టార్చి వేసి కంట్లోకి చూడాలి. ఎదుటివాళ్ళ ఊపిరి చెంప మీద తెలుస్తుంది. అన్నీ తెలిసిన మనిషికి నేను కొత్తగా చెప్పేదేముంది? నేను చెబితే అది ఆయన నిర్ణయం ఎలా అవుతుంది? అడిగేవాళ్ళు ఎటూ మొగ్గకూడదు. ఇన్నేళ్ళుగా నేను నేర్చుకున్నది అదే.

జూన్ 10

పెన్ను మార్చాను. ఇదీ సన్నగానే రాస్తోంది. ఈ గదిలో బల్బు మార్చాలి.

జూన్ 16, మంగళవారం

ఆయన షాపు శుభ్రం చేయడానికి వెళ్ళారు. నెలాఖరులోపల తెరుస్తారట. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి జుట్టంతా దుమ్ము. మెట్లెక్కి వచ్చి తలుపు పట్టుకుని నిలబడి, "కస్టమర్లు వస్తే..." అని ఆగి, ఊపిరి తీసుకుని, "...వరసలో నిలబడటానికి గీతలు గీశాను" అన్నారు. చలికాలం నుంచి మాటలు ఇలాగే సగంలో ఆగి వస్తాయి. అలవాటైపోయింది ఇద్దరికీ.

"మంచిది" అన్నాను. కేసులు మళ్ళీ పెరుగుతున్నాయని పొద్దున వార్తల్లో చెప్పారు. ఆయనా విన్నారు. నేను టీవీ గొంతు కాస్త పెంచాను, అంతకుమించి ఏమీ చెయ్యలేదు. గొంతు పెంచడం అభిప్రాయం చెప్పడం కాదు.

జూన్ 20, శనివారం

రెండో విడత. మొదటిసారి తెరవాలన్నవాళ్ళు కొందరు మూయమంటున్నారు, మూయమన్నవాళ్ళు కొందరు తెరవమంటున్నారు. తెరిస్తే జబ్బు వస్తుందని భయం, మూస్తే పస్తులని భయం. ఏ భయం ముందు అడిగితే అది పైకి వస్తోంది. ఎవరూ మూర్ఖులు కారు. ఇది ఎక్కడా గడిలో పట్టదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

కండల వీరుడి గొంతు సగానికి తగ్గింది. వ్యాయామశాల తెరిచాడట. "తెరవనిచ్చారు మేడం. నేలంతా తుడిచాను, అద్దాలు తుడిచాను, పాటలు పెట్టాను. ఒక్కడూ రాలేదు. నేనొక్కణ్ణే బరువులెత్తి ఇంటికొచ్చాను."

అయ్యో అనబోయి నాలిక కరుచుకున్నాను. "ఇంకాస్త వివరంగా చెప్పగలరా?" అన్నాను. అది అనొచ్చు.

"ఇంతకంటే వివరంగా ఏం చెప్పను?" అన్నాడు పాపం.

జూన్ 24

ఆయన మంగళవారం తెరుస్తానని మరిదితో ఫోన్లో చెప్పారు. నేను విన్నాను. ఏమీ అనలేదు.

జూన్ 26, శుక్రవారం

ఈరోజు ఒక పొరపాటు చేశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పెద్దావిడకు ఫోన్ చేశాను. "సర్వే అమ్మాయివా? రా రా, కూర్చో" అంది, నేనేదో ఆవిడ గుమ్మంలో నిలబడ్డట్టు. దుకాణాలు తెరవడం గురించిన ప్రశ్న చదివాను. జవాబులు చదివాను. మళ్ళీ చదివాను.

"విన్నానమ్మా. నాకు చెవులు బాగానే ఉన్నాయి. ఈసారి ముందు నువ్వు చెప్తేనే నేను చెప్తాను."

"మాకు మీ అభిప్రాయమే..."

"ముఖ్యం. తెలుసు. రోజంతా ఇంతమందిని అడుగుతావు. నిన్నెవరైనా అడుగుతారా?"

అడిగారు. మా ఆయన అడిగారు, గుమ్మంలో నిలబడి. అది ఆవిడకు చెప్పాల్సిన పని లేదు. కానీ నోరు తెరిచేసరికి నాకే తెలియని మాటలు వచ్చాయి.

"మా ఆయనకి కళ్ళద్దాల షాపుందండీ. మంగళవారం తెరుస్తున్నారు. ఆయనకి ఊపిరితిత్తులు బాలేవు. తెరవొద్దని నా మనసులో ఉంది. కానీ ఆ షాపు పోతే ఆయన ఏమైపోతారో కూడా నాకు తెలుసు. రోజూ మరలు విప్పి బిగించుకుంటూ కూర్చుంటారు. వద్దని ఎలా చెప్పనండీ? వెళ్ళమని మాత్రం ఎలా చెప్పను?"

బట్టలన్నీ నా వైపే చూస్తున్నట్టనిపించింది. పెద్దావిడ, "నువ్వన్నదే నా జవాబూ. రాసుకో" అంది.

అలా రాసుకోకూడదు. అడిగేవాళ్ళ మాట విన్నాక ఇచ్చిన జవాబు పనికిరాదు. కాల్ రికార్డు అవుతుంది, సూపర్‌వైజర్ వింటాడు.

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే గుమ్మం దగ్గర నేల మీద మంచినీళ్ళ గ్లాసు ఉంది. ఎప్పుడు పెట్టారో. పని మధ్యలో మాట్లాడించకూడదని ఆయన అలా పెట్టి వెళుతుంటారు. వచ్చి పెట్టి వెంటనే వెళ్ళిపోయి ఉంటారు. హాల్లో మరలు బిగిస్తూనే ఉన్నారు. వినబడి ఉండదు. బీరువా గొంతును మింగేస్తుంది కదా.

జూన్ 27, శనివారం

వాళ్ళు పట్టుకోకముందే నేనే సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి చెప్పాను. అప్పటికే విన్నాడట.

"ఆ ఇంటర్వ్యూ కొట్టెయ్యాలి మేడం. ఆవిడ మీద మీ మాట పడింది. ఇకమీద ఆవిడకి వేరేవాళ్ళు చేస్తారు" అన్నాడు. కోప్పడలేదు. ఇంకోసారి జరిగితే పనిలోంచి తీసెయ్యాల్సి వస్తుందని మాత్రం చెప్పాడు. ఇప్పుడు ఈ ఇంట్లో నడుస్తున్న పని ఇదొక్కటే. అలాగేనన్నాను.

పెట్టేస్తాడనుకుంటే, కాస్త ఆగి, "మీ ఆయనకి చెప్పారా?" అన్నాడు.

"ఏం చెప్పాలి?"

"సర్లెండి. నేనడక్కూడదు" అన్నాడు. ఆయనదీ మా పనే మరి.

జూన్ 29, సోమవారం

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన చెప్పులేసుకుంటూ, "షాపుకి రా ఒకసారి" అన్నారు.

"నాకు ఫోన్లున్నాయి."

"ఇవాళ నీకు సెలవు కదా."

సెలవే. మర్చిపోయినట్టు నటించాను, నటన కుదరలేదు.

దారిలో జనం మామూలుగానే ఉన్నారు. సగం మందికి మాస్కు ముక్కు కిందే ఉంది. పక్కవీధి టైలరు మాత్రం ముక్కూ మూతీ చుట్టేసుకుని, అద్దం వెనకాల కూర్చుని మాకు చెయ్యూపాడు. షాపు షట్టరు సగమే ఎత్తి, వంగి లోపలికి వెళ్ళాం. నేల తళతళలాడుతోంది. గీతలు తిన్నగా ఉన్నాయి. తుడిచిన అద్దాల మీద ఒక్క వేలిముద్ర లేదు. ఇంత శ్రద్ధగా తుడుచుకున్న మనిషితో ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు.

"కూర్చో" అన్నారు కంటి పరీక్ష కుర్చీ చూపించి.

"నాకెందుకు?"

"నెల నుంచీ చూస్తున్నాను. కాగితం పట్టుకోవడానికి నీ చెయ్యి చాలట్లేదు. ఇంకొన్నాళ్ళు పోతే వీధవతల ఎవరినైనా పట్టుకుని నిలబడమనాలి."

"పెన్ను సన్నగా..."

"పెన్ను బాగానే ఉంది."

కూర్చున్నాను. కాలితో పెడల్ తొక్కి కుర్చీని పైకి లేపారు. ఇద్దరికీ మాస్కులున్నాయి, కళ్ళు మాత్రమే మిగిలాయి. బరువైన పరీక్ష ఫ్రేము నా ముక్కు మీద పెట్టి, పెట్టెలోంచి ఒక్కో అద్దం తీసి అందులో వేస్తూ, నా చేతికి చిన్న అక్షరాల అట్ట ఇచ్చారు.

"ఇది బాగుందా... ఇదా?"

"మొదటిది. కాదు, రెండూ ఒకలాగే ఉన్నాయి."

"ఒకలాగే ఉంటే ఒకలాగే ఉన్నాయని చెప్పు. నన్ను సంతోషపెట్టడానికి చెప్పకు. ఇదా... ఇదా?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన పని గొంతు వినే అవకాశం నాకు ఎక్కువ రాలేదు. ఏ అద్దం సరైనదో తెలిసి కూడా ఆ గొంతు తెలియనివ్వదు. ఎటూ మొగ్గదు. ఇద్దరమూ ఒకే గొంతుతో బతుకుతున్నామని, ఇంట్లో కూడా ఆ గొంతే వాడుకుంటున్నామని ఆ కుర్చీలో కూర్చున్నాక తెలిసింది. నవ్వొచ్చింది.

"ఇదా... ఇదా?"

"ఇది."

"షాపు తెరిస్తే బాగుంటుందా... మూస్తేనా?"

అదే గొంతు. అద్దం మార్చిన చెయ్యి మాత్రం ఫ్రేము మీదే ఆగింది.

"అది కళ్ళ ప్రశ్న కాదు" అన్నాను.

"కుర్చీ కళ్ళదే కదా."

"మీ షాపు. మీ ఇష్టం."

"అది జవాబు కాదు. నా ఇష్టం అంటే నీకు ఏ అద్దం వెయ్యను నేను?"

"చెప్పలేను."

"చెప్పగలవు. బీరువాకి చెప్పావుగా. నీళ్ళు పెడదామని వచ్చాను."

ఫ్రేములోంచి ఆయన కళ్ళు చాలా పెద్దగా, స్పష్టంగా కనిపించాయి. కళ్ళ కింద ముడతలు ఇన్ని ఉన్నాయని నాకు తెలియదు. ఎన్నాళ్ళుగా మసకగా చూస్తున్నానో ఈ మనిషిని. చేతిలోని అక్షరాల అట్ట ఒళ్ళో పెట్టాను.

"వద్దు" అన్నాను.

ఆయన కదల్లేదు. ఇక నేను ఆగలేదు.

"వద్దు. తెరవొద్దు. మీరు రోజూ మనుషుల మొహంలో మొహం పెట్టి వంగుతారు. పోయిన చలికాలం ఆసుపత్రి వరండాలో బెంచీ మీద నేను కూర్చున్నాను, మీరు కాదు. మళ్ళీ కూర్చోలేను. నాకు ఆ బలం లేదు. షాపు పోతే పోనివ్వండి. దీనివల్లే పోయిందని మీరు రోజూ అనుకుంటారు. అనుకోండి."

"అడిగినప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఆగుతారని."

"ఆగనని కాదా?"

"ఆగకపోతే నా బాధ్యత తీరేది. ఆగితే, షాపు నా నోటి మీదుగా పోయినట్టవుతుంది."

షట్టరు కింద ఎవరివో చెప్పులు వచ్చి నిలబడ్డాయి. "తెరిచారాండీ?" అని గొంతు. చెప్పులు వెళ్ళిపోయాయి.

"నేను అడిగింది..." ఆయన ఆగి ఊపిరి తీసుకున్నారు. "...ఒక్కణ్ణే మూసుకోలేక. ఎవరైనా వద్దంటారేమోనని చూశాను. తమ్ముడు తెరవమంటాడు, వీధంతా తెరవమంటుంది, నువ్వేమో 'మీకెలా అనిపిస్తోంది' అంటావు."

నేను ఏడ్చాను. పరీక్ష ఫ్రేము నిండా తడి. ఆయన దాన్ని తీసి, మెత్తటి గుడ్డతో ఒక్కో అద్దం తుడిచి, మళ్ళీ నా ముక్కు మీద పెట్టారు.

"ఇప్పుడు చూడు. ఇది బాగుందా, ఇందాకటిదా?"

"ఇదే."

"సరే" అన్నారు. ఏ ప్రశ్నకు సరే అన్నారో చెప్పలేదు. చీటీ మీద నా కళ్ళద్దాల నంబరు రాసి, బయటికి వెళ్ళి మరిదికి ఫోన్ చేశారు. "ఒరేయ్, ఎల్లుండి వ్యాను ఖాళీ చేసుకుని రా" అన్నారు. అటునుంచి వాడేదో ఉత్సాహంగా అడిగినట్టున్నాడు. "తెరవడానికి కాదురా" అన్నారు. గుమ్మంలోంచి ఆయన వీపే కనిపించింది.

జూలై 1, బుధవారం

తాళం ఇచ్చేశాం. గది యజమాని తీసుకోవడానికి చెయ్యి చాపి, కాసేపు అలాగే ఉండిపోయాడు. ఆయనా మా వయసువాడే.

మరిది దారి పొడుగునా కిమ్మనలేదు. దింపేటప్పుడు మాత్రం, "వదినా, నువ్వే చెప్పావట" అన్నాడు. మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. పరీక్ష కుర్చీ మెట్ల మీద ఎక్కించడానికి వాళ్ళిద్దరూ తంటాలు పడ్డారు. హాల్లో పట్టలేదు. పడగ్గదిలో బీరువా ముందు సరిగ్గా పట్టింది.

జూలై 2

ఆయన పొద్దున్నే తయారై, చెప్పులేసుకుని, తలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి చెప్పులు విప్పారు. నేను చూడనట్టు ఉన్నాను. తరవాత చూశానని చెప్పాను.

జూలై 7, మంగళవారం

నా కళ్ళజోడు ఆయనే ఇంట్లో తయారు చేశారు. పెట్టుకుని ఈ పుస్తకం మొదటి నుంచి తిరగేశాను. అక్షరాలు పేజీ పేజీకీ పెద్దవవుతూ వచ్చాయి, చివరికి ఒకటో తరగతి పిల్లల రాతలా ఉంది. "నాకేమీ లేదు" అని రాసుకున్న చోట పెన్ను కాగితాన్ని దాదాపు చింపేసింది.

కేసులు ఇంకా పెరుగుతున్నాయి. పక్కవీధి టైలరు ఆసుపత్రిలో ఉన్నాడట, మాస్కు అంత జాగ్రత్తగా వేసుకునే మనిషి. దాన్నిబట్టి నేను చెప్పింది సరైనదని అనుకోబోయాను. సిగ్గేసింది. టైలరు జబ్బు నా జవాబుకు సాక్ష్యం కాదు.

జూలై 22, బుధవారం

పాత నంబరు చీటీలున్నవాళ్ళకు కళ్ళద్దాలు చేసి పంపిస్తామని ఆయన మా గుమ్మానికి చిన్న కాగితం అంటించారు. మరిది రొట్టెలతో పాటు అవి కూడా ఇళ్ళకు చేరుస్తున్నాడు. ఒకింటికి పొరపాటున రొట్టె బదులు కళ్ళజోడు ఇచ్చి వచ్చాడట. షాపులో వచ్చినదానికి ఇది ఏ మూలకూ రాదు. కానీ మరలు విప్పి బిగించడం మానేశారు.

నేను ఫోన్లు పరీక్ష కుర్చీలో కూర్చునే చేస్తున్నాను. విసుగేసినప్పుడు పెడల్ తొక్కి బట్టల కంటే ఎత్తుకు లేస్తాను.

మూడో విడతలో కండల వీరుడు పూర్తిగా తిరిగిపోయాడు. "అన్నీ మూసెయ్యాలి మేడం. పూర్తిగా ఒప్పుకుంటాను."

"ఇంకాస్త వివరంగా చెప్పగలరా?"

"అందరివీ మూసుంటే, నా దగ్గరికి ఎవరూ రాలేదని నాకు అనిపించదు కదా."

రాసుకున్నానండి అన్నాను. అతను పెట్టేశాక మైకు ఆపి, అయ్యో అన్నాను. గట్టిగానే అన్నాను.

సాయంత్రం సూపర్‌వైజర్ ఏదో పని మీద ఫోన్ చేసి, చివర్న నసిగాడు. పెద్దావిడకు ఈసారి తనే ఫోన్ చేశాడట. ప్రశ్న చదవకముందే, "ఆ అమ్మాయి వాళ్ళాయన షాపు తెరిచాడా?" అని అడిగిందట.

"మీరేం చెప్పారు?"

"చెప్పకూడదు కదా మేడం. మీ అభిప్రాయమే ముఖ్యమండి అన్నాను."

"అంటే?"

"అంటే చాలాసేపు నవ్వింది. తరవాత అన్నీ వరసగా చెప్పింది."

ఆగస్టు 19, బుధవారం

కేసులు తగ్గాయి. ఇంచుమించు అన్నీ తెరిచారు. టైలరు ఇంటికొచ్చాడు, బాగా చిక్కిపోయాడు, కానీ వచ్చాడు.

ఈ సాయంత్రం ఆయన నడకకు వెళ్ళి, వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చారు. మొహం చూస్తేనే అర్థమైంది, అటువైపు వెళ్ళారని. ఇన్నాళ్ళూ ఆ వీధి తప్పించి తిరుగుతున్నారు. మా షాపు గదిలో ఎవరో కుర్రాయన కళ్ళద్దాల షాపే పెట్టాడట.

"వరస వీధి మలుపు దాకా ఉంది" అన్నారు, చెప్పులు విప్పకుండానే. "ఇంట్లో కూర్చుని టీవీ చూసి చూసి ఊరందరికీ చూపు మందగించింది. నేను గీసిన గీతల మీదే నిలబడ్డారు అందరూ. అందులో సగం మంది నా వాళ్ళే. నన్ను చూసి మొహమాటంగా నవ్వారు." కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "నువ్వే కదా వద్దన్నావు."

ఈ మాట కోసం జూన్ నుంచీ ఎదురు చూస్తున్నాను. దీని భయంతోనే అన్నాళ్ళు నోరు మెదపలేదు. వింటే కుప్పకూలిపోతాననుకున్నాను. తీరా వచ్చాక చూస్తే, గుండె ఒకసారి గట్టిగా కొట్టుకుంది, అంతే.

"అవును. నేనే అన్నాను" అన్నాను.

ఆయన తలెత్తి చూశారు. నేను "మీకెలా అనిపిస్తోంది" అని అడుగుతాననుకున్నారేమో.

"అనకపోతే ఈపాటికి..." అని ఆగారు. ఊపిరి కోసం ఆగారు. నేను ఎదురు చూశాను. ఊపిరి తీసుకుని, "...ఈపాటికి ఆ వరస నాది" అని పూర్తి చేశారు.

"మీదే" అన్నాను.

టీ పెట్టి ఇచ్చాను. తాగుతూ, ఆ కుర్రాయన బోర్డు వంకరగా కట్టాడన్నారు. అక్షరాల పట్టిక వెలుతురు పడని గోడకు పెట్టాడన్నారు. అలా పెడితే చూపు బాగున్నవాడికి కూడా అద్దాలు రాసిస్తాడన్నారు. నాలుగు మాటలు అనడం, ఆగడం, ఊపిరి తీసుకోవడం, మళ్ళీ మొదలుపెట్టడం. చీకటి పడేదాకా సణుగుతూనే ఉన్నారు. ఎదురుగా కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, అంతా విన్నాను.

ఒక్క మాట పోనివ్వకుండా రాసుకున్నాను.